బదనిక కాదు, వాండా: ఆర్కిడ్ మొక్క గుర్తింపు, పునరుద్ధరణ

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల తోటలలో చెట్ల కొమ్మలపై పెరిగే ప్రతి మొక్కనూ బదనికగా భావించి నరికివేయరాదు. బదనిక చెట్టు కణజాలంలోనికి చొచ్చుకొనిపోయి నీటిని, లవణాలను గ్రహిస్తుంది. 1795లో రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో వర్ణించిన వాండా టెస్సెల్లేటా మాత్రం బెరడును కేవలం ఆధారంగా చేసుకొంటుంది. రెండు వరుసల పట్టీవంటి ఆకులు, లావైన తెల్లని గాలివేర్లు దీని గుర్తులు.

కొమ్మ విరిగి నేలరాలి వాడిన మొక్క వేర్లను నీటితో తడపాలి. పచ్చబడిన వేరు సజీవమైనది. గుల్లబారిన, కుళ్ళిన వేర్లను శుభ్రమైన కత్తితో తొలగించాలి. పిదప బొగ్గు, పెంకు ముక్కలు నింపిన బుట్టలో అమర్చి, పలుచని నీడలో వ్రేలాడదీయాలి. వేసవిలో ఉదయమే వేర్లను తడపాలి. మొవ్వులో నీరు నిలిచినచో కుళ్ళు సోకును. కొత్త వేరు కొనలు కనిపించువరకు ఎరువు వేయరాదు. అడవిలోని మొక్కలను పెకలించరాదు.