మేడం ఇంగ్లీషు, నీ బయాలజీ

బిడ్డా,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాం. మీ బయాలజీ మేడం ఇంగ్లీషును నువ్వు దించేసిన తీరుకు మీ అమ్మమ్మ పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, అబద్ధమెందుకు. కానీ చివర్న ఒక మాటన్నావు చూడు, ‘ఇంగ్లీషే రాని మేడం మాకేం చెప్తది తాతా, ట్యూషన్ పెట్టించమను’ అని. ఈ ఉత్తరం దానికోసం.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. తర్వాత ఏటా ఒక్కో తరగతి చొప్పున పైకి పాకి పదికి చేరింది. మీ మేడంలాంటి వాళ్లు చాలామంది తెలుగు మీడియంలో చదివి, ఏళ్ల తరబడి తెలుగులోనే పాఠం చెప్పినవాళ్లు. కాస్తంత శిక్షణ ఇచ్చి, అదే పాఠం ఇంగ్లీషులో చెప్పమన్నారు. ఆమె తడబడుతున్నది సబ్జెక్టులో కాదు.

నువ్వు చెప్పిన ప్రయోగమే తీసుకో. ఆకులో కొంతభాగం నల్లకాగితంతో కప్పి, మొక్కను ఎండలో పెట్టించింది. తర్వాత ఆ ఆకును నీళ్లలో ఉడికించింది. పరీక్షనాళికలో స్పిరిట్ పోసి, ఆకు అందులో వేసి, నాళికను వేడినీళ్ల బీకరులో నిలబెట్టింది. పచ్చదనమంతా స్పిరిట్‌లోకి దిగి ఆకు పాలిపోయాక, కడిగి అయోడిన్ చుక్కలు వేసింది. ఎండ తగిలినచోట నీలినలుపు తిరిగింది, కప్పినచోట తిరగలేదు. అప్పుడు ఆమె ‘నో సన్‌లైట్, సో స్టార్చ్ ఆర్ నాట్ కమింగ్’ అన్నదని మీరంతా నవ్వారు. వాక్యం తప్పే. అందులో సైన్సు ఎక్కడ తప్పింది? నాళికను నేరుగా మంట మీద పెడితే స్పిరిట్ అంటుకుంటుందని మాత్రం తెలుగులో గట్టిగా అరిచి చెప్పిందన్నావు. పిల్లల చేతులు కాలే చోట ఆమె ఏ భాష ఎంచుకుందో చూశావా?

క్లాసు నవ్విన టీచరు ఏం చేస్తారో నాకు తెలుసు, ముప్పై ఏళ్లకు పైగా స్టాఫ్‌రూముల్లో కూర్చున్నవాణ్ని. మర్నాటి నుంచి వివరించడం మానేసి పుస్తకం చదివేసి వెళ్లిపోతారు. పుస్తకంలో తప్పులుండవు కదా, ఎవరూ నవ్వరు. నష్టం మీకే.

అట్లాగని ఆమె ఇంగ్లీషు నీకు అంటుకోవాలని కాదు. బోర్డు మీది వాక్యాలు ఉన్నవున్నట్టు నోట్సులోకి ఎక్కించకు. మీ పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటుంది. స్పెల్లింగూ నిర్వచనమూ అక్కణ్నుంచి తీసుకో. పదం పలకడం ఫోన్లో డిక్షనరీ నొక్కి విను. అర్థం కానప్పుడు మొహమాటపడకుండా ‘మేడం, ఒక్కసారి తెలుగులో చెప్పరా’ అని అడుగు. ఆమె ప్రాణం లేచొస్తుంది.

మీ ఇంగ్లీషు సారు సంగతి వేరు. అక్కడ భాషే పాఠం, తప్పు దొర్లితే వదిలేయడానికి లేదు. సరైన జవాబుకు మార్కు పోతే, గ్రామరు పుస్తకం పట్టుకుని క్లాసయ్యాక వెళ్లు. ‘సార్, ఇందులో ఇట్లా ఉంది, నాకు తెలియక అడుగుతున్నా’ అను. నలుగురిలో నిలబెట్టి అడిగితే, తప్పని తెలిసినా ఒప్పుకోరు. మనుషులంతే.

గురువుల తప్పులు పట్టినవాళ్లలో గిడుగు రామమూర్తిగారిని మించినవారు లేరు. బడిపిల్లలు గ్రాంథికమే రాయాలని పట్టుబట్టిన పండితులు తామే ఆ గ్రాంథికాన్ని తప్పుల్లేకుండా రాయలేకపోతున్నారని వాళ్ల రాతల్లోంచే ఏరి ఒక పుస్తకంలో చూపించాడు. 1933లో అచ్చయిన ఆ పుస్తకం పేరు ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’. పేరులోనే ఎత్తిపొడుపు ఉంది, ఆయనేమీ మెత్తనివాడు కాడు. అయితే ఆయన దెబ్బంతా ఎవరికీ పట్టుబడని భాషను బళ్లో రుద్దే పద్ధతి మీద. పైగా ఆ పండితులు ఆ భాషే కావాలని కూర్చున్నవాళ్లు. మీ మేడం అడగలేదు, ఆమె నెత్తిన పెట్టారు. కోపం ఉంటే ఆ ఏర్పాటు మీద పెట్టుకో, నీకు హక్కుంది.

ఇంకొకటి, మీ కొత్త తెలుగు సారు ‘వచ్చినారు, పోయినారు’ అంటాడని నవ్వావు. అది తప్పు కాదు, ఆయన ఊరి మాట. అక్కడ నవ్వితే మాత్రం నేనూరుకోను.

ట్యూషన్ గురించి మీ నాన్నతో మాట్లాడాను. ఇంగ్లీషుకైతే పెట్టిస్తాడు. బయాలజీకి అక్కర్లేదని నేనే చెప్పాను.

మీ తాత