తీర్పు ఎప్పుడు తీర్పు అవుతుంది?

‘తీర్చు’ అనే క్రియ నుండి ‘తీర్పు’ పుట్టింది. తగవు తీరిపోయిందని దాని భావం. ఉర్దూలో మనం వాడే ‘ఫైసలా’కు మూలమైన అరబీ ధాతువుకు విడదీయటం, వేరుపరచటం అని అర్థం. ఈ రెండు మాటల అర్థాన్నే నమ్ముకొని న్యాయస్థానానికి వెళ్ళినవారికి అక్కడొక చిక్కు ఎదురవుతుంది. న్యాయమూర్తి ఇచ్చే ప్రతి ఉత్తర్వూ తగవును తీర్చదు. మరొకవైపు, దావా ఇంకా నడుస్తుండగానే కొన్ని హక్కులు తేలిపోతాయి. అప్పీలు ఎప్పుడు చేసుకోవాలన్నది ఈ భేదాన్ని బట్టే ఉంటుంది.

1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ రెండవ సెక్షన్ డిక్రీని నిర్వచించింది. దావాలోని వివాదాంశాలపై ఉభయపక్షాల హక్కులను, ఆ కోర్టు మట్టుకు, నిశ్చయంగా తేల్చిన నిర్ణయమే డిక్రీ. అది ప్రాథమికం కావచ్చును, తుది కావచ్చును. 96వ సెక్షన్ ప్రకారం సాధారణంగా డిక్రీపై అప్పీలు ఉంటుంది. ‘తుది’ అనే మాట చూసి చాలామంది మోసపోయేది ఇక్కడే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. తండ్రి మరణించాడు, వారసులు ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె మాత్రమే. ముస్లిం వారసత్వ ధర్మం ప్రకారం ఆస్తి అయిదు భాగాలు: కుమారులకు రెండేసి, కుమార్తెకు ఒకటి. ఇల్లు తండ్రి తనకు హిబాగా ఇచ్చాడని పెద్ద కుమారుని వాదం. స్వాధీనం చేయనందున హిబా చెల్లదని కోర్టు నిర్ణయించి, ఇంటిని కూడా కలిపి, వాటాలు ప్రకటిస్తూ ప్రాథమిక డిక్రీ ఇచ్చింది. ‘ఇది ప్రాథమికమే గదా, కమిషనర్ వచ్చి కొలతలు వేసి తుది డిక్రీ అయినప్పుడు చూసుకుందాం’ అని అతడు ఊరకున్నాడు. సంవత్సరాలు గడిచాయి. తుది డిక్రీపై అప్పీలుకు వెళ్ళి హిబా మాట ఎత్తితే కోర్టు వినదు. ప్రాథమిక డిక్రీపై అప్పీలు చేయనివారు దాని మంచిచెడ్డలను తుది డిక్రీపై అప్పీలులో ప్రశ్నించరాదని 97వ సెక్షన్ శాసిస్తున్నది. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న ప్రాథమిక డిక్రీనాడే తేలింది; మిగిలింది ఏ గది ఎవరికన్నదే. గడువు కూడా ఆనాడే మొదలయింది: హైకోర్టుకైతే 90 రోజులు, జిల్లా కోర్టుకైతే 30 రోజులు. డిక్రీ నకలు పొందటానికి పట్టిన కాలాన్ని మాత్రం ఇందులో లెక్కించరు.

ఇందుకు భిన్నంగా, సాక్షిని మళ్ళీ పిలవనన్నారని, ఫలానా కాగితం తీసుకున్నారని వెంటనే అప్పీలుకు పరుగెత్తటం కుదరదు. అట్లా కుదిరితే ఏ దావా ముగియదు. అటువంటి ఉత్తర్వులోని పొరపాటు నిర్ణయాన్ని ప్రభావితం చేసి ఉంటే, 105వ సెక్షన్ కింద డిక్రీపై అప్పీలులోనే దానిని ఎత్తిచూపవచ్చును. తాత్కాలిక ఇంజంక్షన్, రిసీవర్ నియామకం వంటి కొన్ని ఉత్తర్వులకు మాత్రం 43వ ఆర్డరు ప్రత్యేకంగా అప్పీలు కల్పించింది. అక్కడ ఆలస్యమైతే ఆస్తి చేయి దాటిపోవచ్చును. మరొక వింత: వాదపత్రాన్ని తిరస్కరిస్తే అది డిక్రీతో సమానం, వాది హాజరు కానందున దావా కొట్టివేస్తే అది డిక్రీ కాదు.

క్రిమినల్ కేసులలో ఈ ప్రశ్న రివిజన్ రూపంలో వస్తుంది. మధ్యంతర ఉత్తర్వులపై రివిజన్ లేదని 1973 నాటి స్మృతి 397వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై నుండి అమలులో ఉన్న కొత్త సంహితలోనూ ఆ నిషేధం నిలిచింది. కాని నిందితుని అభ్యంతరాన్ని ఒప్పుకొని ఉంటే కేసే ముగిసిపోయేదనుకోండి. దానిని తోసిపుచ్చిన ఉత్తర్వు కేవలం మధ్యంతరం కాదని 1977లో మధు లిమాయే కేసులో సుప్రీంకోర్టు నిర్ణయించింది.