పురిటి ఖర్చు

కర్నూలు, కడప మెట్టపల్లెలలో తొలికాన్పు ఖర్చు పుట్టింటివారిదే. మంత్రసానికి చాటెడు జొన్నలు, ఒక చీర, కొంత రొక్కము ముట్టజెప్పిన చాలునని, ఇంటి పురుడు చవక యని పెద్దలు లెక్కించెడివారు. కాన్పు కష్టమైన రాత్రి ఆ లెక్క తప్పెడిది. పట్టణమునకు బాడుగబండి కావలెను. వేరుశనగ పంట యింకను చేతికి రాలేదు. చెవికమ్మలు కుదువకు పోయెడివి. మరుసటి పంట వడ్డీకే సరి.

2005లో ప్రారంభమైన జననీ సురక్షా యోజన ఇంటి కాన్పునకు సైతము పేదరాలికి 500 రూపాయలు నిర్ణయించినది. బాడుగకే అది చాలదు. 2011 జూన్‌లో వచ్చిన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, శస్త్రచికిత్స, మందులు, భోజనము, రాకపోకలు ఉచితము. ఈ సంగతి గర్భిణుల యిండ్లలో నెలలు నిండకముందే సభ్యులు తెలుపవలెను. ఇంటనే ప్రసవమైనచో 21 దినములలోపల జననము నమోదు చేయింపవలెను. అందుకు రుసుము లేదు.