మిథైల్ ఆల్కహాలు: తయారీ, ధర్మములు, జాగ్రత్తలు

ఆల్కహాలు అను పదము అరబ్బీ భాషలోని 'అల్-కుహ్ల్' నుండి పుట్టినది. మన ఇండ్లలో కండ్లకు పెట్టుకొను సుర్మా వంటి మెత్తని చూర్ణమునకు అది పేరు. పిదప స్వేదనమువలన లభించు సారమునకు ఆ పేరు సంక్రమించినది. ఆల్కహాలుల కుటుంబములో అతి సరళమైనది మిథైల్ ఆల్కహాలు. దీనినే మెథనాల్ అందురు. దీని అణువులో ఒక కార్బన్, ఒక ఆక్సిజన్, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు కలవు.

ఇది రంగులేని ద్రవము. నీటిలో ఎంతైనను కలియును. 64.7 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. సుమారు 11 డిగ్రీల వద్దనే దీని ఆవిరి నిప్పు తగిలిన అంటుకొనును. దీని లేత నీలిమంట పగటి వెలుగులో సరిగా కానరాదు.

పూర్వము కట్టెను గాలి తగులకుండ వేడిచేసి దీనిని సేకరించెడివారు. 1923లో జర్మనీలోని బి.ఎ.ఎస్.ఎఫ్. సంస్థ కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ వాయువులనుండి దీనిని భారీయెత్తున తయారుచేయసాగెను. నేడు రాగి, జింక్ ఆక్సైడుగల ఉత్ప్రేరకముపై, 250 డిగ్రీల ప్రాంతమున, 50 నుండి 100 వాతావరణముల పీడనమున ఈ చర్య జరుపుదురు. ఆ వాయువులు సహజవాయువునుండి గాని, బొగ్గునుండి గాని లభించును. మన దేశపు బొగ్గులో బూడిద మిక్కుటము. అట్టి బొగ్గును రోజునకు 1.2 టన్నులు వాయువుగా మార్చి, 0.25 టన్ను మెథనాల్ తీయు ప్రయోగాత్మక కర్మాగారమును హైదరాబాదులోని బి.హెచ్.ఇ.ఎల్. పరిశోధన కేంద్రము నిర్మించినది. 2022 జనవరిలో అది దేశమునకు అంకితమైనది.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ప్రాంతములలో ఔషధ పరిశ్రమలు అనేకము. ఔషధముల తయారీలో మెథనాల్ ముఖ్యమైన ద్రావణి. మన విద్యార్థులలో పలువురు రేపు అచటనే ఉద్యోగములలో చేరుదురు. కావున ఒక్క విషయము మనము మరువరాదు. మెథనాల్‌ను ఇథైల్ ఆల్కహాలునుండి చూపుచేత గాని, వాసనచేత గాని వేరుపరుపజాలము. కాని శరీరములో ఇథైల్ ఆల్కహాలు తుదకు ఎసిటిక్ ఆమ్లమగును. మెథనాల్ కాలేయములో ఫార్మాల్డిహైడుగా, ఆపై ఫార్మిక్ ఆమ్లముగా మారి నేత్రనాడిని దెబ్బతీయును. 10 మిల్లీలీటర్లు కడుపులోనికి పోయినను చూపు పోవచ్చును; 30 మిల్లీలీటర్లు ప్రాణము తీయవచ్చును. మద్యము ముట్టనివారికిని ప్రమాదము కలదు, ఏలయన ఆవిరి శ్వాసద్వారా, ద్రవము చర్మముద్వారా లోనికి చేరును.

లక్షణములు పెక్కు గంటల తరువాతగాని బయటపడవు. అంతవరకు వేచియుండక రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. సకాలములో విరుగుడు మందిచ్చిన చూపును, ప్రాణమును కాపాడవచ్చును. పేరు వ్రాయని సీసాను తాకవలదు. కర్మాగారపు డబ్బాను ఇంటికి తేవలదు. రసాయనశాస్త్రము నేర్చిన మనము తోటి కార్మికునకు ఈ సంగతి తెలియజెప్పుట మన ధర్మము.