కొండ ప్రాంత వ్యవసాయ వాహనాల ఆటోమేటిక్ గేరుబాక్సులో లోప నిర్ధారణ: ఎలక్ట్రానిక్ స్కానరు వినియోగం

సారాంశం

అరకు లోయ, తూర్పు కనుమల గిరిజన ప్రాంతాల్లో పంట పొలం నుంచి శుద్ధి కేంద్రానికి, సంతకు, మైదానపు మార్కెట్టుకు చేరడం ఘాట్ రోడ్లపై తిరిగే వాహనాల మీద ఆధారపడి ఉంది. ఆటోమేటిక్ గేరుబాక్సు గల వాహనాల్లో లోపం తలెత్తినప్పుడు స్కానరులో కనిపించిన కోడును మాత్రమే నమ్మి విడిభాగాలు మార్చడం వలన ఖర్చు పెరుగుతుంది. లోపం మాత్రం మిగిలిపోతుంది. స్కానరు సమాచారాన్ని ఆయిల్ పరీక్షతోను, విద్యుత్ కొలతలతోను, గేరు నిష్పత్తి లెక్కతోను సరిపోల్చి లోప కారణాన్ని నిర్ధారించే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ఆటోమేటిక్ గేరుబాక్సు, స్కానరు, లోప సంకేతం, గేరు నిష్పత్తి, ఘాట్ రోడ్డు, అరకు లోయ

పరిచయం

అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖపట్నం వైపు నుంచి వచ్చే వాహనం శృంగవరపుకోట దాటిన తరువాత అనంతగిరి ఘాట్ మీదుగా ఈ ఎత్తుకు ఎక్కవలసి ఉంటుంది. చింతపల్లి వైపు వెళ్లే వాహనానికి లంబసింగి ఘాట్ తప్పదు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు వ్యాలీ అరబికా కాఫీతోపాటు మిరియాలు, పసుపు, అల్లం, రాజ్మా, కూరగాయలు ఈ దారుల్లోనే ప్రయాణిస్తాయి.

కాఫీ విషయంలో కాలం మరింత కీలకం. తడి పద్ధతిలో శుద్ధి చేయదలచిన పండును కోసిన నాడే పల్పింగ్ చేయాలి. పండ్ల బస్తాలతో వాహనం దారిలో నిలిచిపోతే బస్తాలోనే పులియడం మొదలై గింజ రుచి చెడుతుంది. ఏడాది పొడవునా చెట్టుకు చేసిన సేవ ఒక్క రాత్రిలో విలువ కోల్పోతుంది. కనుక వాహన లోప నిర్ధారణను కోత అనంతర యాజమాన్యంలో భాగంగానే చూడవలసి ఉంది.

కొండ ప్రాంతాల్లో సరుకు వాహనాలు అధికంగా మాన్యువల్ గేర్లతోనే నడుస్తున్నాయి. అయితే 2014లో మారుతీ సెలెరియోతో చిన్న కార్ల తరగతిలోకి వచ్చిన ఏఎంటీ విధానం తరువాతి కాలంలో అనేక వాహనాలకు విస్తరించింది. నాటు యంత్రాలు, వరి కోత యంత్రాల్లో హైడ్రోస్టాటిక్ ప్రసార విధానం ఉంది. అందువలన యంత్రాల అద్దె కేంద్రాల నిర్వాహకులకు, విస్తరణ సిబ్బందికి ఈ పరిజ్ఞానం అవసరమవుతోంది.

స్కానరు చెప్పేది, చెప్పనిది

ఆకు పసుపు రంగుకు మారితే అది నత్రజని లోపం కావచ్చు, ఇనుము లోపం కావచ్చు, వేరు వద్ద నీరు నిలవడం కావచ్చు. రంగును చూసిన వెంటనే యూరియా చల్లే రైతుకు, కోడును చూసిన వెంటనే సాలినాయిడ్ వాల్వు మార్చే మెకానిక్‌కు తేడా లేదు. కోడు లక్షణాన్ని మాత్రమే చెబుతుంది. కారణాన్ని పరీక్షతో తేల్చాలి.

సాధారణ వాహనాల్లో స్కానరును డ్రైవరు కాళ్ల దగ్గర డ్యాష్‌బోర్డు కింద ఉండే 16 పిన్నుల సాకెట్టుకు కలుపుతారు. ఇందులో 16వ పిన్ను బ్యాటరీ ధన విద్యుత్తుకు, 4, 5 పిన్నులు ఎర్తుకు, 6, 14 పిన్నులు క్యాన్ సమాచార తీగలకు కేటాయించబడ్డాయి. చవకగా లభించే అనేక రీడర్లు ఇంజిన్ కంప్యూటరుతో మాత్రమే మాట్లాడగలవు. వాటిలో పి 0700 అనే కోడు కనిపిస్తే, గేరుబాక్సు కంప్యూటరు ఏదో లోపాన్ని నమోదు చేసిందని మాత్రమే అర్థం. అసలు లోపం ఏదో తెలియాలంటే గేరుబాక్సు కంప్యూటరును నేరుగా చదవగల స్కానరు కావాలి. పొలం యంత్రాల్లో సాకెట్టు ఆకారం, సమాచార విధానం వేరుగా ఉంటాయి. ఎలక్ట్రానిక్ నియంత్రణ లేని హైడ్రోస్టాటిక్ యంత్రాలకు ప్రెషర్ గేజీయే ప్రధాన సాధనం.

పట్టిక 1. తరచుగా ఎదురయ్యే కోడ్లు

పి 0218: గేరుబాక్సు ఆయిల్ అతిగా వేడెక్కడం
పి 0562: వాహన విద్యుత్ వోల్టేజి తగ్గడం
పి 0705: గేరు లీవరు స్థానాన్ని తెలిపే సెన్సరు సర్క్యూట్ లోపం
పి 0715: ఇన్‌పుట్ లేదా టర్బైన్ వేగ సెన్సరు సర్క్యూట్ లోపం
పి 0720: అవుట్‌పుట్ వేగ సెన్సరు సర్క్యూట్ లోపం
పి 0730: గేరు నిష్పత్తి సరిపోకపోవడం
పి 0741: టార్క్ కన్వర్టరు క్లచ్ పట్టకపోవడం
పి 0750: షిఫ్ట్ సాలినాయిడ్ ఎ లోపం
యు 0101: గేరుబాక్సు కంప్యూటరుతో సమాచార సంబంధం తెగిపోవడం

నిర్ధారణ క్రమం

1. నమోదు: మొదట అన్ని కంప్యూటర్ల కోడ్లను, కోడు నమోదైన క్షణపు పరిస్థితులను తెలిపే ఫ్రీజ్ ఫ్రేమ్‌ను రాసుకోవాలి. ఆయిల్ ఉష్ణోగ్రత, వేగం, గేరు, వోల్టేజి, ఇంజిన్ భారం ఇందులో ముఖ్యమైనవి. ఈ పని ముగియకుండా కోడ్లను చెరపరాదు, బ్యాటరీ తీగ విప్పరాదు. ఘాట్‌లో వేడి మీద వచ్చిన లోపం మైదానంలోని వర్క్‌షాపుకు చేరేసరికి మాయమవుతుంది. అప్పటికి మిగిలే సాక్ష్యం ఆ నమోదు ఒక్కటే.

2. విద్యుత్తు: బ్యాటరీ, ఎర్తు తీగలు సరిగా ఉన్నాయా చూడాలి. శీతాకాలపు ఉదయాల్లో బలహీనమైన బ్యాటరీ వలన సంబంధం లేని కోడ్లు అనేకం ఒకేసారి నమోదు కావచ్చు. సమాచార కోడు ఉంటే బ్యాటరీ విప్పి 6, 14 పిన్నుల మధ్య నిరోధం కొలవాలి. సాధారణంగా 60 ఓముల దగ్గర ఉండాలి. 120 వస్తే రెండు చివరి నిరోధాల్లో ఒకటి సర్క్యూట్ నుంచి తెగిందని, సున్నాకు దగ్గరగా వస్తే తీగలు ఒకదానికొకటి తగిలాయని భావించాలి.

3. ఆయిల్: మట్టం, రంగు, వాసన పరీక్షించాలి. వాలు నేలపై చూసిన మట్టం తప్పుదారి పట్టిస్తుంది. వాహనాన్ని సమతల నేలపై నిలపాలి. కొన్ని గేరుబాక్సుల్లో కొలపుల్ల ఉండదు. తయారీదారు సూచించిన ఉష్ణోగ్రత వద్ద ప్లగ్గు తెరిచి మట్టం చూడాలి. ఆ ఉష్ణోగ్రతను స్కానరే తెలుపుతుంది. మాడిన వాసన, నల్లరంగు క్లచ్ ప్లేట్లు కాలిన సూచన. పాలు కలిసినట్లు గులాబీ రంగులో ఉంటే నీరు చేరినట్లే.

4. ఇంజిన్: ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయినా, యాక్సిలరేటరు సెన్సరు తప్పు విలువ పంపినా గేర్లు ఆలస్యంగా మారతాయి. ఇంజిన్ కోడ్లను ముందు సరిచేయాలి.

5. ప్రత్యక్ష సమాచారం: ఇంజిన్ వేగం, టర్బైన్ వేగం, అవుట్‌పుట్ వేగం, ఆదేశించిన గేరు, ఆయిల్ ఉష్ణోగ్రతలను వాహనం నడుస్తుండగా రికార్డు చేయాలి.

6. ధ్రువీకరణ: అనుమానించిన భాగాన్ని మల్టీమీటరుతో లేదా ప్రెషర్ గేజీతో పరీక్షించిన తరువాతనే మార్చాలి.

గేరు నిష్పత్తి లెక్క

స్కానరులోని అంకెలను లెక్కగా మార్చినప్పుడే నిర్ధారణ బలపడుతుంది. మూడవ గేరు నిష్పత్తి 1.50 గల వాహనం ఘాట్ ఎక్కుతున్నదనుకొందాం. టర్బైన్ వేగం నిమిషానికి 2400 చుట్లు, అవుట్‌పుట్ వేగం 1400 చుట్లుగా కనిపించాయి. భాగిస్తే 1.71 వస్తుంది. 1400 అవుట్‌పుట్‌కు టర్బైన్ 2100 వద్ద ఉండాలి. అంటే 300 చుట్లు జారుతున్నాయి.

ఈ జారుడు నిజమైనదా, సెన్సరు చూపిన భ్రమా అన్నది తరువాతి ప్రశ్న. నిజంగా క్లచ్ జారితే ఇంజిన్, టర్బైన్ వేగాలు రెండూ ఒక్కసారిగా పైకి లేస్తాయి. వాహనం ఊపు తగ్గుతుంది. ఇంజిన్ వేగం, వాహన వేగం నిలకడగా ఉండగా అవుట్‌పుట్ అంకె మాత్రం క్షణకాలం సున్నాకు పడి లేస్తే, సెన్సరునో దాని తీగలనో అనుమానించాలి. అటువంటి వాహనం గేరుబాక్సును విప్పడం వృథా శ్రమ.

జారుడు నిజమైతే, అది ఒక్క గేరులోనా, అన్ని గేర్లలోనా చూడాలి. ఒకటి రెండు గేర్లకే పరిమితమైతే ఆ గేర్లకు ఉమ్మడిగా పనిచేసే క్లచ్‌ను సర్వీసు మాన్యువల్‌లోని పట్టిక ద్వారా గుర్తించాలి. ఆయిల్ వేడెక్కిన తరువాత అన్ని గేర్లలో జారుతూ, చల్లగా ఉన్నప్పుడు బాగుంటే ఆయిల్ పీడనం తగ్గుతున్నదని భావించాలి. మట్టం తగ్గడం, ఫిల్టరు మూసుకుపోవడం, పంపు అరగడం ఇందుకు కారణాలు, గేజీతో నిర్ధారించాలి.

టార్క్ కన్వర్టరు క్లచ్ పరీక్షలో మరింత జాగ్రత్త అవసరం. పూర్తి పట్టు ఆదేశించినప్పుడు ఇంజిన్, టర్బైన్ వేగాలు దాదాపు సమానం కావాలి. అయితే ఆయిల్ చల్లగా ఉన్నంతసేపు, నిటారు ఎక్కుడులో యాక్సిలరేటరు గట్టిగా నొక్కినప్పుడు కంప్యూటరు తానే ఆ పట్టును విడిపిస్తుంది. అప్పటి తేడా లోపం కాదు. ఈ పరీక్షను ఘాట్‌లో కాక, ఆయిల్ వేడెక్కిన తరువాత లోయలోని చదును రోడ్డుపై చేయడం ఉచితం.

కొండ ప్రాంత ప్రత్యేకతలు

బరువుతో తక్కువ వేగంలో ఎక్కేటప్పుడు టార్క్ కన్వర్టరులో ద్రవం జారి ఉష్ణం పుడుతుంది. వేగం తక్కువైనందున కూలరుకు తగిలే గాలి కూడా తగ్గుతుంది. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఆయిల్ త్వరగా ఆక్సీకరణ చెందుతుంది. పి 0218 నమోదైన వాహనంలో ముందు కూలరు పలకల మధ్య చేరిన బురదను, గడ్డిని తొలగించి చూడాలి.

సాలినాయిడ్ చుట్టల నిరోధం వేడితో పెరుగుతుంది. చల్లని వర్క్‌షాపులో సరిగా ఉన్న చుట్ట లేదా లోపలి తీగ వేడి మీద తెగవచ్చు. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో అధిక ఉష్ణోగ్రత, సాధారణ వోల్టేజి కనిపిస్తే అదే ఉష్ణోగ్రత వద్ద తిరిగి కొలవాలి.

వర్షాకాలంలో గెడ్డలు దాటే వాహనాల్లో మరో ప్రమాదం ఉంది. వేడిగా ఉన్న గేరుబాక్సు నీటిలో ఒక్కసారిగా చల్లబడినప్పుడు లోపలి గాలి కుంచించుకొని, గాలి గొట్టం ద్వారా నీటిని లాగవచ్చు. కనెక్టర్లలో తేమ చేరి పచ్చని తుప్పు పడుతుంది. షెడ్డులో నిలిపిన వాహనాల తీగలను ఎలుకలు కొరకడం కూడా తరచు కారణమే. ఇవన్నీ కంటితో చూసి కనుగొనదగినవి. స్కానరు వీటిని సెన్సరు లోపంగానే చూపుతుంది.

ఏఎంటీ వాహనాన్ని ఎక్కుడులో బ్రేకుతో కాక యాక్సిలరేటరుతో నిలిపి ఉంచితే క్లచ్ వేడెక్కి అరుగుతుంది. ఇక్కడ మార్చవలసినది భాగం కంటే ముందు నడిపే అలవాటు. క్లచ్ మార్చిన తరువాత స్కానరుతో క్లచ్ పట్టు స్థానాన్ని తిరిగి నేర్పకపోతే కొత్త క్లచ్ కూడా కుదుపులు ఇస్తుంది.

భద్రత

రోడ్డు పరీక్షలో ఒకరు నడపాలి, మరొకరు స్కానరు చూడాలి. వాహనాన్ని నిలిపి యాక్సిలరేటరు పూర్తిగా నొక్కే స్టాల్ పరీక్షను మాన్యువల్ అనుమతిస్తేనే, సమతల నేలపై, చక్రాలకు అడ్డు పెట్టి, కొన్ని క్షణాలకు మించకుండా చేయాలి. గేర్లు జారుతున్న వాహనంలో ఇంజిన్ బ్రేకింగ్ నమ్మదగినది కాదు. అటువంటి వాహనాన్ని సరుకుతో గాని, మనుషులతో గాని ఘాట్ దింపరాదు. సరుకును మరో వాహనంలోకి మార్చడం వలన కలిగే జాప్యం భరించదగిన నష్టం.

ముగింపు

స్కానరు ఉన్నంత మాత్రాన నిర్ధారణ పూర్తికాదు. స్కానరు లేకుండా నేటి గేరుబాక్సును అర్థం చేసుకోవడం కష్టం. రెండింటి మధ్య నిలిచేది క్రమబద్ధమైన పరీక్ష. యంత్రాల అద్దె కేంద్రాలు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ప్రతి వాహనానికి ఒక లోప నమోదు పుస్తకాన్ని నిర్వహించి, కోడు, ఉష్ణోగ్రత, వోల్టేజి, రోడ్డు వాలు, బరువు, చేసిన పరీక్ష, మార్చిన భాగం అనే ఏడు అంశాలను రాయడం మేలు. కాఫీ కోత నవంబరులో ఊపందుకోకముందే ఆయిల్, కూలరు, కనెక్టర్లు, బ్యాటరీలను తనిఖీ చేయించాలి. కోత రోజుల్లో దారిలో వెతికే లోపం కంటే కోతకు ముందు షెడ్డులో దొరికే లోపం రైతుకు చవక.