హెచ్‌ఐవీ ఉన్న బాలింత బిడ్డకు చనుబాలు ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు. అయితే తల్లి హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మాత్రలు ఒక్క రోజూ మానకుండా వేసుకోవాలి. ఏ చికిత్సా లేకపోతే కడుపులో, కాన్పులో, పాల ద్వారా కలిపి నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకు వైరస్ సోకే ప్రమాదం ఉంది. మందులు సక్రమంగా పడితే అది 5 శాతం లోపుకు దిగుతుంది. బాలింత నీరసం, నిద్రలేమి, మాత్ర ఎవరి కంటైనా పడుతుందన్న భయం వల్ల మందు తప్పేది ఈ నెలల్లోనే. ఇంటివారి ఆసరా అప్పుడే కావాలి.

మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మరేదీ పట్టకూడదు. తేనె నాకించడం, పంచదార నీళ్లు, మధ్యమధ్య ఆవుపాలు పసిపేగుల లోపలి పొరను దెబ్బతీసి వైరస్‌కు దారి ఇస్తాయి. చనుమొన పగిలి నెత్తురు వస్తే ఆ వైపు పాలు పిండి పారబోసి, రెండో వైపు పట్టాలి. వెంటనే డాక్టరుకు చూపించాలి.

బిడ్డకు పుట్టగానే నెవిరపిన్ సిరప్ మొదలుపెట్టి సాధారణంగా ఆరు వారాలు వేస్తారు. తల్లి చికిత్స ఆలస్యమైతే డాక్టరు ఆ గడువు పెంచుతారు. ఆరో వారంలో మడమ నుంచి తీసిన నెత్తుటి చుక్కలను కార్డు మీద ఆరబెట్టి వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్షకు పంపుతారు. కోట్రైమాక్సజోల్ అనే మందు కూడా అప్పుడే మొదలవుతుంది. తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తంలో 18 నెలల దాకా ఉండవచ్చు కనుక, ఆలోగా మామూలు యాంటీబాడీ పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన వ్యాధి సోకినట్లు కాదు.

తల్లి సమ్మతి లేకుండా ఆసుపత్రి సిబ్బంది ఆమెకు హెచ్‌ఐవీ ఉన్న సంగతి అత్తింటివారికో ఇరుగుపొరుగుకో చెప్పడం 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టానికి విరుద్ధం.