మంచి నిమ్మ మొక్కను గుర్తించడం ఎలా?

మాది గూడూరు దగ్గర పల్లె. ఎనిమిదేళ్ళ క్రితం మా నాన్న ఎకరం నిమ్మ వేశాడు. ఒక నర్సరీకి పోయి, అన్నిటికంటే పొడుగ్గా ఉన్న మొక్కల్నే ఏరి తెచ్చాడు. ఆరు మీటర్ల ఎడంతో సుమారు 110 మొక్కలు పట్టాయి. అయిదో ఏట కాపు మొదలైంది. కాని కొన్ని చెట్లు ముళ్ళతో గుబురుగా పెరిగాయే తప్ప కాయ పట్టలేదు. రెండేళ్ళు ఓపిక పట్టి, చివరికి కొట్టించాం. ఆ రోజు నాన్న అన్నం తినలేదు. అన్నేళ్ళ నీళ్ళు, ఎరువు, కూలీ అన్నీ గొడ్డలి పాలయ్యాయి.

పొరపాటు ఎక్కడ జరిగి ఉంటుందో వృక్షశాస్త్రం క్లాసులో బహుపిండత పాఠం వింటుంటే నాకు తట్టింది.

సామాన్యంగా ఒక గింజలో ఒకే పిండం ఉంటుంది. నిమ్మ, నారింజల్లో అలా కాదు. 1719లోనే లీవెన్‌హుక్ నారింజ గింజలో ఒకటికి మించి పిండాలు ఉండటం గమనించాడు. వీటిలో ఒకటి ఫలదీకరణ వల్ల, సంయుక్తబీజం నుంచి పుడుతుంది. మిగిలినవి తల్లి చెట్టు అండాంతఃకణజాలం నుంచి వస్తాయి. అవి అచ్చం తల్లి పోలికే. నిమ్మను గింజతో పెంచినా రకం చెడకపోవడానికి కారణమిదే. సంయుక్తబీజపు మొక్క మాత్రం ఎలా తయారవుతుందో చెప్పలేం. తరచు బక్కగా ఉంటుంది. ఒక్కోసారి అన్నిటినీ మించి పెరుగుతుంది.

కనుక మడిలో మరీ పొట్టివీ, మరీ పొడుగువీ, ఆకు తీరు వేరుగా ఉన్నవీ తీసేసి, ఒకే తీరుగా ఉన్నవే ఉంచాలి.

నారు పెంపకం: బాగా కాసే ఆరోగ్యమైన చెట్టు నుంచి పండిన కాయలు తీసుకోవాలి. గింజలు కడిగి, నీడన ఆరబెట్టి, వెంటనే విత్తాలి. బాగా ఎండితే మొలకశక్తి పోతుంది. మడి జానెడు ఎత్తుండాలి. నీళ్ళు నిలిస్తే నారుకుళ్ళు వస్తుంది. మొలకలు కాడ మొదట్లో మెత్తబడి వాలిపోతాయి. అప్పుడు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడి తడపాలి. మొక్కల్ని పాలిథిన్ సంచుల్లోకి మార్చేటప్పుడు తల్లివేరు మడత పడకూడదు. ఆ లోపం పైకి కనిపించదు, తోటలో బయటపడుతుంది.

కొనేముందు చూడవలసినవి:

1. కాండం నిటారుగా, గట్టిగా ఉండాలి.
2. ఆకుల మీద పసుపు అంచుతో గరుకైన గోధుమ మచ్చలుంటే అది గజ్జి తెగులు. అలాంటి మొక్క వద్దు.
3. ఆకుల్లో పాము జాడల్లాంటి తెల్ల గీతలుంటే ఆకు తొలిచే పురుగు ఉన్నట్లు. ఆ గాయాల్లోంచే గజ్జి లోపలికి పోతుంది.
4. ఒక సంచి కోసి చూడాలి. తల్లివేరు తిన్నగా, పిల్లవేళ్ళు తెల్లగా ఉండాలి. సంచిలో చుట్టలు చుట్టుకున్న వేరు పనికిరాదు.

పోయిన వర్షాకాలం ఖాళీలు పూడ్చడానికి నేనూ నాన్నతో నర్సరీకి వెళ్ళాను. అలవాటు చొప్పున ఆయన చెయ్యి పొడుగు మొక్క మీదికే పోయింది. "ఏం అబ్బయా, ఇది వద్దంటావా?" అన్నాడు. "వద్దు నాన్నా" అన్నాను. మారు మాట్లాడకుండా దాన్ని అక్కడే పెట్టేశాడు.

పరీక్షల్లో ఈ పాఠానికి మార్కులు వచ్చేశాయి. అసలు ఫలితం మాత్రం ఇంకో అయిదేళ్ళకు మా తోటలో తెలుస్తుంది.